ఎర్రచుక్క క్వార్టర్

భీమశంకరం పరాయివాళ్ళ పెరట్లో పదకొండు గుంతలు తవ్వాడు. పరాయివాళ్ళదని ఇప్పుడంటున్నాం కానీ, ఐదేళ్ళ కిందటి వరకూ ఆ పెరడు ఆయనదే. అట్లాంటా పక్కన కమ్మింగ్‌లో స్థలం కొని, దగ్గర నిలబడి కట్టించుకుని, పన్నెండేళ్ళు కాపురం చేసి, మోకాళ్ళు మెట్లెక్కనని మొరాయిస్తే అమ్మేసిన ఇల్లు. కొనుక్కున్న అనూప్, రచన మంచి పిల్లలు కాబట్టి సరిపోయింది. ఇంకొకళ్ళయితే మూడో గుంతకే పోలీసుల్ని పిలిచేవారు.

పదకొండు గుంతల్లోనూ ఆయనకి దొరికిన నిధి ఏమిటయ్యా అంటే తుప్పు మేకులు, కోక్ డబ్బాల రింగులు, బిల్డర్ మనుషులు పారేసిన ఓ స్క్రూడ్రైవరు, స్ప్రింక్లర్ వైరు ముక్క. వైరు ముక్క దొరికిందంటే స్ప్రింక్లర్ పోయిందని మీకు నేను వేరే చెప్పక్కర్లేదు.

"మీరేం అనుకోకండి అంకుల్," అంది రచన, ఆ సాయంత్రం కాఫీ చేతికిస్తూ. "నెక్స్ట్ మండే ప్యాటియోకి కాంక్రీట్ పోస్తున్నారు. ఆ కార్నర్ మొత్తం కవర్ అయిపోతుంది. శాటర్‌డే ఒక్కసారి వచ్చి చూసుకోండి. అదే లాస్ట్, ప్లీజ్."

ఆయన వెతుకుతున్నది ఒక రాగి చెంబు కోసం. అసలు చెంబు కోసం కూడా కాదు, అందులో ఉన్న ఒక వెండి రూపాయి కోసం.

ఆ రూపాయి ఆయన భార్య సుబ్బులుది. సుబ్బులు అమ్మమ్మ దగ్గర ఒకే అచ్చు వెండి రూపాయలు రెండు ఉండేవట. ఆవిడ పోయినప్పుడు ఒకటి ఆవిడ నుదుట పెట్టి సాగనంపారు. రెండోది అంతకుముందే పెళ్ళిలో మనవరాలు సుబ్బులు చేతిలో పెట్టింది. సుబ్బులు దాన్ని చిన్న గుడ్డసంచిలో వేసి, హ్యాండ్‌బ్యాగులో అడుగున పెట్టుకుని, అట్లాంటా దాకా మోసుకొచ్చింది. "నేను పోతే నా నుదుట ఇదే పెట్టండి. ఇది చూస్తేనే అమ్మమ్మ నన్ను గుర్తుపడుతుంది. లేకపోతే అంతమందిలో నేనెవరో ఆవిడకేం తెలుస్తుంది?" అనేది. భీమశంకరం నీళ్ళ పైపులైన్లు డిజైన్ చేసిన సివిల్ ఇంజనీరు. ఇలాంటివి వింటే నవ్వేవాడు.

పద్దెనిమిదేళ్ళ కిందట భూమిపూజ రోజు పంతులుగారు చెంబులో నవధాన్యాలు పోసి, తొమ్మిది నాణేలు వెయ్యమన్నారు, ఒకటి వెండిది ఉండాలన్నారు. వెండిది కొని, ఇంట్లో మర్చిపోయి వచ్చాడు మన ఇంజనీరు. అవతల ముహూర్తం దాటిపోతోంది. "నీ రూపాయి వేసెయ్ సుబ్బులూ, తర్వాత తీసిస్తా," అన్నాడు. ఆవిడ ఒక నిమిషం చూసి, వేసింది. చెంబుకి మూత పెట్టి, తడి తగలకుండా ఎపాక్సీ జిగురుతో తనే సీల్ చేశాడు. ఈశాన్యం మూల పాతిపెట్టారు. తర్వాత తీసిస్తానన్నవాడు తియ్యలేదు. ఇల్లు అమ్మేటప్పుడు కూడా ఆవిడ అడిగింది. "ఎక్కడికి పోతుంది, అనూప్ వాళ్ళు మనవాళ్ళేగా, ఎప్పుడైనా తీసుకోవచ్చు," అన్నాడు.

మూడేళ్ళ కిందట ఒక మంగళవారం సుబ్బులు గిన్నెలు సర్దుతూ పడిపోయింది. మళ్ళీ లేవలేదు.

ఫ్యూనరల్ హోమ్‌లో వాళ్ళకిచ్చింది గంటన్నర టైము. పంతులుగారు మంత్రాలు చదువుతూ, "నాణెం ఏదీ?" అన్నారు. యాభై మంది జేబులు తడుముకున్నారు. అందరి దగ్గరా కార్డులే. ఒక్కడి దగ్గర చిల్లర ఉంటే ఒట్టు. భీమశంకరం పార్కింగ్ లాట్‌లోకి పరుగెత్తాడు. కారులో, కప్ హోల్డర్‌లో, సుబ్బులు క్వార్టర్ ఉంది, పావు డాలరు బిళ్ళ.

ఆ క్వార్టర్ కథ కూడా చెప్పాలి. గ్రాసరీ స్టోరులో క్వార్టర్ దూరిస్తేనే గొలుసుకి కట్టిన సామాన్ల బండి ఊడివస్తుంది. బండి మళ్ళీ తీసుకెళ్ళి గొలుసు తగిలిస్తే క్వార్టర్ బయటికొస్తుంది. అందుకని సుబ్బులు పీచ్ పండు బొమ్మ ఉన్న జార్జియా క్వార్టర్ ఒకటి కారులో ఉంచేది. మొగుడు దాన్ని ఖర్చు పెట్టెయ్యకుండా, దాని మీదున్న వాషింగ్టన్ నుదుటి మీద ఎర్ర నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టింది. "పాపం బోసినుదురుతో ఉన్నాడు," అని నవ్వేది. సామాను డిక్కీలో పెట్టగానే, "ఏవండీ, బండి అప్పజెప్పి క్వార్టర్ తెచ్చుకోండి," అనేది ప్రతిసారీ, ఆయనెప్పుడో మర్చిపోయినట్టు.

ఆ క్వార్టర్‌నే తెచ్చి ఆవిడ నుదుట పెట్టాడు, ఎర్రచుక్క పైకి కనిపించేలా. పెట్టె మూశారు. దహనం బటన్ ఆయనే నొక్కాడు. అమ్మమ్మ గుర్తుపట్టాల్సిన మనిషిని షాపింగ్ బండి క్వార్టర్ ఇచ్చి పంపించాడు. మూడేళ్ళుగా అదే ఆయన్ని కాల్చుకు తింటోంది. అస్థికలన్నీ నదిలో కలిపినా ఒక చెంచాడు మాత్రం చిన్న డబ్బాలో దాచి ఉంచాడు. రూపాయి దొరికితే దాంతోపాటు నదిలో వదలాలని.

ఆ గుంతలన్నీ తవ్వించిన మెషీన్ సంగతి ఇప్పుడు. రిటైరైన కొత్తలో కాలక్షేపానికి చవకలో కొన్న మెటల్ డిటెక్టర్ అది. పార్కుల్లో, పాత చర్చిల పక్కన పర్మిషన్ అడిగి నాణేలు వెతికేవాడు. "గుడి ముందు చెయ్యి చాపినా ఇంతకంటే ఎక్కువ వస్తుంది కదండీ," అనేది సుబ్బులు. ఆ మెషీన్‌కి మేకైనా ఒకటే, మాణిక్యమైనా ఒకటే, కయ్యిమనడమే తెలుసు. పైగా జార్జియా ఎర్రమట్టిలో ఇనుము ఎక్కువ. ఆరు అంగుళాలు దాటితే అది గుడ్డిదే. చెంబేమో రెండున్నర అడుగుల లోతున ఉంది, ఎక్కడో. పద్దెనిమిదేళ్ళలో ఫెన్సు జరిగింది, మట్టి ఎత్తు మారింది, ఓక్ చెట్లు పెరిగాయి. కొలతలు రాసుకున్న కాయితం ఏ పెట్టెలో పోయిందో.

"ఆ డొక్కుదాన్ని పట్టుకుని ఎన్నాళ్ళు తవ్వుతావయ్యా? అప్‌గ్రేడ్ చెయ్యి," అన్నాడు హరనాథ్. పక్క ఊరు అల్ఫారెట్టాలో ఉంటాడు. నలభై ఏళ్ళు ఆపరేషన్ థియేటర్లలో జనాన్ని నిద్రపుచ్చి రిటైరైన మత్తు డాక్టరు, నాణేల వేటలో భీమశంకరానికి జోడీ. "మంచి మెషీనైతే ఒకేసారి నాలుగైదు ఫ్రీక్వెన్సీలు పంపిస్తుంది. ఎర్రమట్టిని పక్కకి నెట్టేస్తుంది. కింద ఏముందో నంబర్ చెప్తుంది. ఇనుముకొక నంబరు, క్వార్టర్‌కొక నంబరు, వెండికొక నంబరు. పెద్ద కాయిల్ కూడా తీసుకో, చెంబు లోతు అందుతుంది."

ఆదివారం ఆర్డర్ చేస్తే మంగళవారం వచ్చింది. నల్లగా, తేలిగ్గా, స్క్రీనుతో ముచ్చటగా ఉంది. భీమశంకరం మాన్యువల్ మొత్తం చదివి, ఇప్పుడుంటున్న చిన్న ఇంటి వెనక చాపంత గడ్డిలోకి తీసుకెళ్ళి ఆన్ చేశాడు. పళ్ళెం లాంటి కాయిల్‌ని నేలకి ఆనించీ ఆనించకుండా అటూ ఇటూ ఊపాడు.

టింగ్ మంది. స్క్రీన్ మీద ఎనభై ఏడు. లోతు రెండు అంగుళాలు.

మొదటి ఊపుకే! సంబరపడిపోయి తవ్వాడు. ఏమీ లేదు. మట్టిని చేతుల్తో పొడిపొడి చేసి చూశాడు. లేదు. అడుగు పక్కకి జరిగి ఊపితే టింగ్, ఎనభై ఏడు, రెండు అంగుళాలు. తవ్వాడు. లేదు. గోడ దగ్గర ఎనభై ఏడు. చెత్తడబ్బా దగ్గర ఎనభై ఏడు. గంటసేపట్లో గడ్డి మీద ఎనిమిది గుంతలు పడ్డాయి, చేతిలో మట్టి తప్ప ఏమీ లేదు. మాన్యువల్ తెరిచి చూస్తే ఎనభై ఏడంటే క్వార్టర్ అని ఉంది.

కొత్త మెషీన్ కదా, సెట్టింగ్ ఏదో తేడా అయి ఉంటుందనుకున్నాడు. మనం కూడా అలాగే అనుకుంటాం.

గురువారం పొద్దున హరనాథ్‌ని పార్కుకి రమ్మన్నాడు. హరనాథ్ మెషీన్ తీసుకుని ఊపాడు. అది మాట్లాడలేదు. తన జేబులోంచి డైమ్, అంటే పది సెంట్ల బిళ్ళ, తీసి గడ్డిలో వేస్తే డైమ్ నంబర్ చూపించింది. మేకు వేస్తే మేకు నంబర్.

"బంగారంలా ఉంది. నీకు పట్టుకోవడం రావట్లేదంతే. ఇదిగో, పట్టు."

భీమశంకరం పట్టుకున్నాడు. టింగ్. ఎనభై ఏడు.

"జేబులో ఏముంది?"

జేబులు రెండూ బయటికి లాగి చూపించాడు. ఖాళీ. కారు తాళం, ఫోను, బెల్టు, ఉంగరం తీసి బెంచీ మీద పెట్టాడు. ఎనభై ఏడు. బూట్లలో ఇనుముంటుందేమో అన్నాడు హరనాథ్. ఆ చలిలో బూట్లు, మేజోళ్ళు విప్పి, ఒట్టికాళ్ళతో గడ్డి మీద నిలబడి ఊపాడు. ఎనభై ఏడు, రెండు అంగుళాలు. పదడుగులు నడిచాడు. అదీ నడిచింది. ఎక్కడ ఆగితే అక్కడ, సరిగ్గా కాళ్ళ ముందు.

హరనాథ్ మొహంలో నవ్వు పోయింది. వంగి, తన చేత్తో తనే ఆ చోట గడ్డి పీకి, మట్టి తోడి చూశాడు. లేచి చేతులు దులుపుకున్నాడు.

"శంకరం, నా మాట విను. ఇది రిటర్న్ ఇచ్చెయ్."

"శనివారం అవ్వనీ."

"నాది ఇస్తా కదయ్యా, నాది తీసుకెళ్ళు."

"వద్దు," అన్నాడు భీమశంకరం. ఎందుకు వద్దన్నాడో హరనాథ్‌కి అర్థం కాలేదు. భీమశంకరానికి మాత్రం ఆ మోత ఎవరిదో అప్పటికే అర్థమైంది.

ఇంటికొచ్చి, మధ్యాహ్నం, కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతూ ఉండగా మెషీన్‌ని పడకగదిలోకి తెచ్చాడు. పరుపులో స్ప్రింగులుంటాయి, ఇనుము గుర్రుమనాలి. తను పడుకునే వైపు ఊపితే గుర్రుమంది. సుబ్బులు వైపుకి తిప్పాడు. దిండు మీదికి రాగానే గుర్రు ఆగిపోయింది. టింగ్ మంది, గాజుగ్లాసు మీద చెంచా తగిలినట్టు. దిండు కింద ఏమీ లేదు. గలీబు విప్పితే దూది తప్ప ఏమీ లేదు. భీమశంకరం మంచం అంచున కూర్చున్నాడు.

సుబ్బులు కోపం వస్తే అరిచే మనిషి కాదు. వెంట తిరిగేది. ఆయన హాల్లోకి వెళ్తే హాల్లోకి, వంటింట్లోకి వెళ్తే వంటింట్లోకి వచ్చి, మాట్లాడకుండా నిలబడేది. ఏమిటి సుబ్బులూ అని ఆయన నోరు తెరిచి అడిగేదాకా అంతే. నలభై ఏళ్ళు అలాగే వేపుకు తింది.

"ఏమిటి సుబ్బులూ?" అన్నాడు ఖాళీ గదిలో. "నాకు తెలుసులే. శనివారం తీస్తాను. ఈసారి తప్పను."

శనివారం పొద్దున పదింటికి అనూప్ పార పట్టుకుని పెరట్లో సిద్ధంగా ఉన్నాడు. రచన ఒక పళ్ళెంలో పసుపు, కుంకుమ, లక్ష్మీదేవి బొమ్మున్న కొత్త వెండి నాణెం పెట్టుకుని వచ్చింది.

"మా పంతులుగారిని అడిగాను అంకుల్. మీ రూపాయి తీసుకుని, దీన్ని వేసి మళ్ళీ పూడ్చేస్తే ఇంటికి ఏం కాదన్నారు. మా అమ్మకి మాత్రం చెప్పకండి."

"ఏం పరేషాన్ గాకండి అంకుల్, ఇయాల తియ్యకుంట పోయేది లేదు," అన్నాడు అనూప్.

మెషీన్ ఆన్ చేశాడు. గేటు దగ్గర ఎనభై ఏడు. ఉయ్యాల దగ్గర ఎనభై ఏడు. అనూప్‌కీ రచనకీ కూడా అది వినబడుతోంది. "ఇక్కడేదో ఉన్నట్టుంది కదా?" అని రచన అంటే, ఏం లేదమ్మా అని నడిచాడు. పెరడంతా ఆ మోత ఆయన కాళ్ళ ముందే వచ్చింది. ఈశాన్యం మూలకి ఇంకా నాలుగడుగులుందనగా, ఆగిపోయింది.

మంగళవారం నుంచి మొదటిసారి ఆయన చేతిలో ఆ మెషీన్ నోరు మూసుకుంది. ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, ఇన్ని రోజులూ పక్కన నిలబడ్డ మనిషి ఎవరో చెప్పకుండా లేచి వెళ్ళిపోయినట్టుంది. భీమశంకరం వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు, ఎండ తప్ప.

మూల మీదికి కాయిల్ తీసుకెళ్ళగానే కింద నుంచి పెద్దది, బరువైనది, ముద్దగా మోగింది. రాగి. "ఇక్కడే," అన్నాడు.

ఆయన మోకాళ్ళు సహకరించవు కాబట్టి అనూప్ తవ్వాడు. అడుగు దాటాక ఎర్రమట్టి రాయిలా అయింది. రెండున్నర అడుగుల దగ్గర ఓక్ వేరు తగిలింది, మణికట్టంత లావుది. అది చెంబుని చుట్టుకుని పెరిగింది, రెండు చుట్లు, చంటిపిల్లని ఒళ్ళో పట్టుకున్నట్టు. గరాజ్‌లోంచి రంపం తెచ్చి కోస్తే గానీ చెంబు ఊడి రాలేదు. ఆకుపచ్చగా చిలుం పట్టింది. మూత చుట్టూ భీమశంకరం ఎపాక్సీ అద్దంలా గట్టిగా, ఎక్కడా చిన్న పగులైనా లేకుండా ఉంది. దాని మీద ఆయన వేలిముద్ర కూడా అలాగే ఉంది.

ఉలి పెట్టి, సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే మూత లేచింది. లోపలి గాలి బయటికొచ్చింది. బూజువాసన వస్తుందనుకుంటే, ఆయనకి తెలిసిన సాంబ్రాణి వాసన, దాంతోపాటు పొగ. ఫ్యూనరల్ హోమ్‌లో ఆ రోజు చొక్కాకి పట్టిన వాసన అది.

రచన పళ్ళెంలో చెంబు వొంపింది. నల్లబడిన గింజలు జలజల రాలాయి. వాటిలోంచి నాణేలు. ఐదు రూపాయల బిళ్ళలు, పెన్నీలు, ఒక డైమ్. ఎనిమిది. రూపాయి కనబడలేదు. అనూప్ చెంబు బోర్లించి అడుగున తట్టాడు. తొమ్మిదో నాణెం టింగుమని పళ్ళెంలో పడి, గిరగిర తిరిగి, ఆగింది.

పీచ్ పండు బొమ్మ. ఆ వైపు మసిబారి నల్లగా ఉంది. భీమశంకరం దాన్ని తిప్పాడు.

వాషింగ్టన్ నుదుట ఎర్రచుక్క, పొద్దున్నే పెట్టినంత ఎర్రగా ఉంది.

చెంబు పద్దెనిమిదేళ్ళ కిందట భూమిలోకి వెళ్ళింది. ఆ క్వార్టర్ మూడేళ్ళ కిందట మంటల్లోకి వెళ్ళింది, ఆయన కళ్ళ ముందు, ఆయన వేలు నొక్కిన బటన్‌తో. మధ్యలో ఆ మూత ఎవరూ తీయలేదు. ఆయన ఎంత ఇంజనీరైనా ఇంతకు మించి లెక్క కట్టలేకపోయాడు.

"దొరికిందా అంకుల్? అదేనా?" అంది రచన, ఆయన భుజం మీదుగా తొంగి చూడబోతూ.

గుప్పిట మూశాడు. గుప్పిట్లో ఆ బిళ్ళ వెచ్చగా ఉంది. చలికాలపు మట్టిలో రెండున్నర అడుగుల లోతు నుంచి వచ్చిన బిళ్ళ, అప్పటిదాకా ఎవరో పట్టుకుని ఆయన చేతిలో పెట్టినట్టు వెచ్చగా ఉంది.

"దొరికిందమ్మా," అన్నాడు.

లక్ష్మీదేవి నాణెం వేసి, పసుపు, కుంకుమ చల్లి, చెంబు మళ్ళీ పూడ్చారు. రచన భోంచేసి వెళ్ళమంది. తర్వాత వస్తానన్నాడు. ఈ మాట తను ఇంతకుముందు ఎవరితో అన్నాడో గుర్తొచ్చి, లోపలికి వెళ్ళి కూర్చుని భోంచేసి మరీ బయల్దేరాడు.

కారెక్కి, కప్ హోల్డర్‌లో దాని చోట క్వార్టర్‌ని పెట్టాడు. స్టార్ట్ చెయ్యబోతుంటే అర్థమైంది. సుబ్బులు ఆగలేదు. ఎప్పుడో తీసిస్తానన్న మనిషిని నమ్ముకోకుండా, తన రూపాయి తనే వెళ్ళి తీసుకుంది. వెళ్ళేముందు బండి అప్పజెప్పి, క్వార్టర్ ఆయనకోసం వదిలింది.

"అమ్మమ్మ గుర్తుపట్టిందా?" అని పైకే అడిగాడు.

వెనక సీట్లోంచి మెషీన్ లాగి, ఆన్ చేసి, పక్క సీటు మీద కాయిల్ పట్టుకున్నాడు. సీటు చట్రంలో ఇనుము గుర్రుమంది, అంతే. కారు దిగి, రోడ్డు పక్క గడ్డిలో కాళ్ళ ముందు ఊపాడు. ఏమీ లేదు. అడుగు జరిగి ఊపాడు. పది అడుగులు నడిచి, ఆగి, ఊపాడు. మంగళవారం నుంచీ ఆ మోత ఆగితే చాలని దండం పెట్టుకున్న మనిషి, ఒక్కసారి, ఒకే ఒక్కసారి మోగమని ఆ వీధి చివరిదాకా ఊపుకుంటూ నడిచాడు.

మోగలేదు.